సమాధి రాయి మీద మిగిలిన ‘రు’

“తాతా, కొళాయి కాడ ఉతికే బండ మీద నీ పేరు చెక్కుండాదే! పేరుకు ముందర ఒక ‘రు’ గూడ ఉంది. ఏంది తాతా అది?”

ఆ? ఏ బండ? కొళాయి కాడ బండా? ఉండు ఉండు. ముందు నాకొక మాట చెప్పు తల్లీ. ఆ ‘రు’ మీద సబ్బు పెట్టినావా? బ్రష్షు? పెట్టలేదు గదా? నిజ్జంగా? హమ్మయ్య. నా గుండె ఆగి మళ్ళ కొట్టుకుంటాంది సూడు. ఆ బకెట్టు పక్కన పెట్టి ఇట్ల కూచో. పులివెందుల నుంచి మా ఇంటికి వచ్చి నాలుగు దినాలు గాలే, నీకేం తెలుస్తాది పాపం. నా మనవడు చెప్పుండల్ల. వానికి పెండ్లాం మొగం చూసేదానికంటే ఫోను మొగం చూసేదానికే పొద్దు చాలదు.

అది ఉతికే బండ గాదు సునీతా. నా సమాధి రాయి.

ఎందుకట్ల లేస్తావు? కూచో. నేను బతికే ఉండా, చేతులు ముట్టి సూడు. మీ పులివెందుల సంఘంలో ఉందో లేదో నాకు తెల్దు గానీ, మా సంఘంలో ముసిలోళ్ళు రాయి ముందే చెక్కించి పెట్టుకుంటారు. దొరల మిషను నాటి నుంచి ఉండేదే ఇది. పోయినాక పిల్లోళ్ళు ఏం రాయిస్తారో ఎవురికెరుక? మా పెద్దనాయన ముందే చెక్కించుకోలే. ఆయన కొడుకు ప్రొద్దుటూరు పోయి, అంగట్లో ఎవురో తీసుకోకుండా వదిలేసిన రాయి సగం ధరకు దొరికిందని తెచ్చి నిలబెట్టినాడు. మా పెద్దనాయన ఇప్పటికీ రాజంపేట టీచరమ్మ పేరు కింద పండుకోనుండాడు. అందుకే నేను ముందే చెక్కించినా.

రాయి గూడ మామూలు రాయి గాదు. మా నాయన జమ్మలమడుగు పక్క బండల గనిలో పని చేసేవాడు. ఆయన సుత్తితో కొడితే ఆ మోత మైలవరం దాకా ఇనపడేది. నమ్మవా? అప్పుడు మైలవరం కట్ట గూడ లేదు, మోతకు అడ్డం ఏముండాది? ఆయన గనిలో నుంచి చివరసారి లేపిన బండ అది. ‘ఒరే దేవదానం, ఇది నీకు’ అని ఇంటికి తోలించినాడు. బాడుగ బండికి రెండు రూపాయలు. రెండు రూపాయలంటే అప్పుడు తమాషా గాదు, ఇంటిల్లిపాదీ ప్రొద్దుటూరు పోయి సినిమా చూసి, దోసెలు తిని, ఇంగా మిగిలేది.

సరే, రాయి కథ చెప్పల్లంటే ముందు ర్యాంకు కథ చెప్పల్ల. ర్యాంకు కథ చెప్పల్లంటే రాణి కథ చెప్పల్ల. రాణి అంటే మీ అవ్వ గాదు. మీ అవ్వ ఇంటాంది లోపల, గట్టిగా చెప్తా: మీ అవ్వ గాదు!

నేను పట్టాళంలో చేరేదానికి కడపకు పోయిన దినం, ఛాతీ కొలిచే టేపు చాల్లేదు. డాక్టరు ఇంకో టేపు తెప్పించి రెండూ ముడేసినాడు. ‘ఇట్లాంటోనికి మామూలు తుపాకి ఇచ్చి పంపిస్తే మనకే సిగ్గు’ అని వాండ్లలో వాండ్లే మాట్లాడుకోని, నాకు కంచరగాడిదను ఇచ్చినారు. గుర్రానికీ గాడిదకూ పుట్టేది, తెలుసు గదా? లారీ ఎక్కలేని కొండల మీదికి ఫిరంగి ముక్కలు, బియ్యం, గోధుమపిండి అన్నీ దాని వీపు మీదే పోవల్ల. నా దాని పేరు రాణి. నాకు మెడలో నంబరు, దానికి గిట్ట మీద నంబరు. దానిది నాకంటే సీనియరు నంబరు. ఒగొగసారి అది నాకు సెల్యూటు కొట్టాల్నా, నేను దానికి కొట్టాల్నా అని ఆఫీసర్లే తల పట్టుకునేవాళ్ళు. దానికి హిందీ రాదు. ఇంగిలీషు రాదు. జమ్మలమడుగు తెలుగులో ‘నడువే తల్లీ, రొంత దూరమే’ అంటేనే నడిచేది.

కొన్నేండ్లు చేసినాక నన్ను రిజర్వులో ఏసి ఇంటికి పంపించినారు. రిజర్వు అంటే ఏందో చెప్తా. బస్సులో సీటు మీద తువ్వాలేసి, టీ తాగేదానికి కిందికి దిగుతాం సూడు, అది. సీటు నీదే, అయితే నువ్వు బస్సులో లేవు. ఇంట్లో ఉండు, సేద్యం చేసుకో, పిలిస్తే మాత్రం వచ్చి కూచో అంటారు.

పిలిచినారు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. నేను చేన్లో శెనిక్కాయలు పెరుకుతాండా. టెలిగ్రాము వచ్చింది. చేతిలో చెట్టు చేతిలోనే పెట్టుకోని రైలెక్కినా. ఎర్రగుంట్లలో ఎక్కినోన్ని ఢిల్లీ దాకా అవే తింటా పోయినా. ఢిల్లీకి పొయ్యేతలికి యుద్ధం నా కోసమే నిలబడుండాది. ఆడ్నుంచి ఉత్తరాన కొండల మీదికి పంపించి, రాణిని మళ్ళ నా చేతికే ఇచ్చినారు. ఒక పక్క మంచు, ఒక పక్క ఏరు. రాణి ఏటి కాడ మొండికేసింది. అవతల మనోళ్ళు గుండ్లు లేక కూచోనుండారు. ఏం చెయ్యల్ల? రాణిని భుజానికెత్తుకున్నా. దాని మీద ఫిరంగి ముక్కలు, దాని కింద నేను. ఏరు దాటించినా.

“తాతా!”

సరే, సరే. ముందరి కాళ్ళు రెండే నా భుజం మీద ఏసుకున్నా. వెనక కాళ్ళు అదే నడిచింది. ఐనా ముందు పక్క బరువెక్కువమ్మా, ఎవురినన్నా అడుగు.

ఆ పొద్దే మా లాన్స్ నాయక్‌కు, అంటే సిపాయికి ఒక మెట్టు పైనోనికి, కామెర్లొచ్చి ఆస్పత్రికి పోయినాడు. కెప్టెన్ సాబు నన్ను పిలిచి, ఆ కామెర్లాయన భుజం మీది పట్టీ ఊడబెరికి నా భుజానికి కుట్టించినాడు. ‘దేవదానం, ఇప్పటి నుంచి నువ్వే లాన్స్ నాయక్. జీతం మాత్రం పెరగదు’ అన్నాడు. మిలిటరీలో అట్లాంటిది ఉంది. ర్యాంకు ఉంటాది, దుడ్లుండవు. యుద్ధం అయిపోయింది, నన్ను మళ్ళ ఇంటికి పంపించినారు. పట్టీ భుజం మీదే ఉంది. కాగితాల్లో ఎక్కించేదానికి ఆ హడావుడిలో ఎవురికి తీరింది? పెన్షను వచ్చింది. రిజర్వు సిపాయి పెన్షను. పెన్షను పుస్తకం చూస్తే నా భుజం లాగుతాది, ఈ పొద్దుటికీ.

ఇంగ ఊరు. నేను పట్టీతో బస్సు దిగితే ‘లాన్స్ నాయక్ దేవదానం’ అనల్ల గదా? నోరు తిరగలే వాండ్లకు. కొన్నాళ్ళు ‘నాయకు’ అన్నారు. మా పెండ్లప్పటికి, ఇట్ల జేబులో చెయ్యి పెట్టుకోని నిలబడే తీరు చూసి ఇంగో మెట్టు ఎక్కించి ‘హవల్దారు’ అన్నారు. నేనడిగినానా? అడగలే. వద్దన్నానా? ఊరంతా కలిసి ఇచ్చిన దాన్ని కాదంటే ఊరిని కించపరిచినట్ల గాదా? రొండో బిడ్డ పుట్టినప్పుడు ఒకాయప్ప సుబేదారు గూడ అన్నాడు. అది మాత్రం ఒప్పుకోలే. నాకూ ఒక హద్దుంది.

అందుకే బండ మీద హవల్దారు అని చెక్కించినా. ప్రొద్దుటూరు రోడ్డులో మస్తాన్ అని ఉండాడు, సమాధి రాళ్ళు చెక్కేవాడు. ‘ఏం రాయల్ల మామా?’ అన్నాడు. ‘నువ్వు నన్ను ఏమని పిలుస్తావురా?’ అన్నా. ‘హవల్దారు మామా అని’ అన్నాడు. ‘ఇంగేం, అది రాయి’ అన్నా. ‘హవల్దారు దేవదానం’. ఎంత అందంగా చెక్కినాడో! ఎడ్లబండిలో ఊరి నడిమద్దె నుంచి తెచ్చినాం. మా బామ్మర్ది సామ్యేలు అప్పుడే ఎదురు రావల్లనా?

సామ్యేలు అంటే మీ అవ్వ తమ్ముడు. ఆదివారం గుడి కాడ చూసినావు గదా, బట్టతల, చేతిలో సమాధుల తోట తాళం చెవి. సంఘ పెద్ద. వాడు నిజ్జం హవల్దారు. నిజ్జం అంటే, కాగితంలో. పట్టాళంలో ఉన్నన్నాళ్ళూ స్టోర్లో బూట్లకు లేసులు పంచినాడు. యుద్ధాన్ని కిటికీలో నుంచి గూడ చూడలే. ఐనా పెన్షను సూడు, నాదానికి రొండింతలు. వాడు బండి ఆపి, రాయి చదివి, అద్దాలు తుడుచుకోని మళ్ళ చదివినాడు.

‘బావా, నువ్వు ఎప్పుడు హవల్దారు అయినావు?’

‘నువ్వు లేసులు కట్టుకుంటాన్నప్పుడు.’

‘బావా, ఊర్లో ఏమన్నా చెప్పుకో. టీ అంగట్లో జనరల్ అని చెప్పుకో. సమాధి రాయి అబద్ధం చెప్పగూడదు. పునరుత్థాన దినాన దేవదూత వచ్చి పేర్లు పిలుస్తాడు. హవల్దారు దేవదానం అని పిలిస్తే నువ్వు లేస్తావా, లేవవా? గందరగోళం అయితాది.’

‘లేస్తా. అందరికంటే ముందు లేస్తా.’

‘కాగితం తీసుకోని రా. అంతవరకూ ఈ రాయి తోట గేటు దాటదు. నువ్వు గూడ దాటవు.’

ఇన్యావా? నన్ను గూడ రానియ్యడంట! సొంత బామ్మర్ది! అక్క మొగున్ని! పోయినాక నన్ను యాడ పెడతాడంట, స్టోర్లోనా? ఆ పొద్దు నేను ఒట్టు పెట్టుకున్నా. గవర్నమెంటు దగ్గర ర్యాంకు తెచ్చుకోని, ర్యాంకుకు తగిన పెన్షను తెచ్చుకోని, ఆ తాళం చెవి వాని చేతే తిప్పిస్తా అని. ఊరికే గొప్పకు గాదు. నా పెన్షనులో సగమే గదా రేపు మీ అవ్వకు వచ్చేది. సిపాయి పెన్షనులో సగమంటే ఏమొస్తాది? వక్కాకుకు వస్తాది. ఆమె తమ్ముని ఇంటి గడప కాడ నిలబడగూడదు. అది నాకు... సరే, అది పక్కన పెట్టు.

రాయి తెచ్చి గోడకు ఆనించినాం. మీ అవ్వ కొన్నాళ్ళు చూసింది. ‘ఇదో, నువ్వు పొయ్యేదాకా ఇది పని లేకుండా కూచోనుంటాదా? ఇంట్లో అట్లాంటోడు ఒకడుండాడు, చాలదా?’ అనింది. కొళాయి కాడికి దొర్లించి బోర్లా ఏసింది. అక్షరాలు కింద, బట్టలు పైన. పోనీలే అనుకున్నా. ఎట్లయినా ఆడ చల్లగుంటాది గదా రాయికి.

ఇంగ నా దండయాత్ర మొదలు. నేను రాసిన అర్జీలు పేరిస్తే జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా రోడ్డేయచ్చు, తారు గూడ అక్కరలే. ఒక ఆఫీసు వాండ్లు ఇంకో ఆఫీసును అడుగు అంటారు. ఆ ఆఫీసు వాండ్లు ముందు నువ్వు బతికుండావని చూపియ్యి అంటారు. ఏటేటా అదొక పరీక్ష. ముందు బ్యాంకు కాడికి పొయ్యి మేనేజరు ముందర నిలబడితే చాలు. ఇప్పుడు ఫోన్లో మొగం చూపియ్యల్ల. చూపిస్తే ‘కన్ను ఆర్పు’ అంటాదది. రొండూ ఆర్పితే ఒప్పుకోలే. ఒకటి ఆర్పితే ఒప్పుకునింది. ఈ వయసులో సచివాలయంలో అందరి ముందర ఫోనుకు కన్ను కొడతాండా. మీ అవ్వ పక్కనే నిలబడి, ‘నాకు ఒక్క దినమన్నా అట్ల కొట్టినావా?’ అనింది. ఆడ కంప్యూటరు కాడ కూచున్న పాపకు నవ్వాగలే.

ఆ పాపే చెప్పింది, ప్రొద్దుటూర్లో పెన్షన్ల అదాలత్తు పెడతాండారు తాతా, పెద్ద కల్నల్ వస్తాడు, నోటితో చెప్పుకోవచ్చు అని. నోటితో! నాకు! అర్జీలు ఎందుకు ఓడిపోయినాయి? వాటికి నోరు లేదు. నేనే పోతే ఎవురు నిలబడతారు నా ముందర?

ప్రొద్దుటూర్లో కోటు కుట్టించినా. ఆ దర్జీ కొడుకు, ‘తాతా, పెండ్లికా?’ అన్నాడు. ‘పెండ్లి కంటే పెద్దదిలే’ అన్నా. మెడళ్ళు పెట్టుకున్నా. నిండుగా కనపడల్ల గదా, పట్టాళం మెడళ్ళ పక్కన ఆదివారపు బడి మెడళ్ళు గూడ రొండు తగిలించినా. అవి మాత్రం గెలవలేదా? మీ అవ్వ పట్టు చీర కట్టుకోని, టిఫిను గిన్నె పట్టుకోని బయల్దేరింది. బస్సులో సామ్యేలు! ‘నేనూ వస్తా బావా, సాక్షిగా’ అంటాడు. సాక్షి గాదమ్మా, తమాషా చూసేదానికి.

అదాలత్తు యాడ పెట్టినారనుకున్నావు? కల్యాణ మండపంలో. ముందు దినం ఎవురిదో పెండ్లయింది, పూల పందిరి ఇంగా తీయలే. స్టేజీ మీద ఎర్ర మకమల్ కుర్చీలు, పెండ్లికొడుకు పెండ్లికూతురు కూచునేవి. మిగతావన్నీ ఊగుతాండాయని, కల్నల్ సాబును పెండ్లికూతురు కుర్చీలో కూచోబెట్టినారు. నెత్తి మీద పూల తోరణం, వెనక అతికించిన అక్షరాల్లో పెండ్లికూతురు పేరు. ‘లక్ష్మి’ అని. మీసాలు ఇంతింత! కిందంతా ముసిలోళ్ళు. కర్రలు పట్టుకున్నోళ్ళు, చెవి మిషన్లు పెట్టుకున్నోళ్ళు, పాలిష్ చేసిన బూట్లల్లో వాపు కాళ్ళు పట్టక విప్పి పక్కన పెట్టుకున్నోళ్ళు. ఒక మూలన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెడతాండారు. సామ్యేలు పొయ్యింది నేరుగా ఆడికి.

నన్ను పిలిచినారు. ఎక్కినా స్టేజీ, నా ఎనకే మీ అవ్వ. సెల్యూటు కొట్టినా. ఆ సెల్యూటు గాలికి తోరణంలో నుంచి రొండు చామంతులు రాలినాయి. కల్నల్ సాబు హిందీలో మాట్లాడతాడు, నీకు తెలుగులో చెప్తా. నా ఛాతీ చూసినాడు. వంగి చూసినాడు.

‘ఈ మెడల్ ఏ యుద్ధంలోది?’

‘కంఠత వాక్యాల పోటీ సార్. మొదటి బహుమానం.’

ఆ మెడల్‌ను వేలితో తిప్పి వెనక పక్క గూడ చదివినాడు. నా ధైర్యం చూసి నమ్మకం రాలే ఆయనకు. ఆ మీద, ‘నీ భుజానికి లాన్స్ నాయక్ పట్టీ కుట్టించినారంటాండావు, చూసినోళ్ళు ఎవురుండారు?’ అన్నాడు.

‘కెప్టెన్ సాబు పోయినాడు సార్. కామెర్లాయన పోయినాడు. రాణి ఒకటే చూసింది.’

కల్నల్ సాబు మీ అవ్వ పక్క తిరిగి, ‘చెప్పండి రాణీజీ, మీరు చూసినారా?’ అన్నాడు.

‘రాణి నేను గాదు సార్,’ అనింది మీ అవ్వ. ‘అది గాడిద. నేను దాని తర్వాత వచ్చిన దాన్ని.’

హాలంతా నవ్వు. ఆ నవ్వులో ఒక నవ్వు నాకు బాగా తెల్సినది. వెనక తిరిగి చూస్తే సామ్యేలు, నోటి నిండా బజ్జీ పెట్టుకోని, కడుపు పట్టుకోని నవ్వుతాండాడు. సునీతా, నాకు ఏమైందో తెల్దు. కోపమా, ఉక్రోషమా, రాణి వచ్చి పూనిందా! హాలు పక్కకు తిరిగినా. గాలి పీల్చినా. ప్రొద్దుటూర్లో ఉండే గాలంతా పీల్చినా. ఇడిసినా:

‘సా...వ్‌ధాన్!’

తల్లీ! ఆ మండపం రేకులు ఇప్పటికీ సరిగా కూచోలేదంట. సావధాన్ అంటే నీకు తెల్దేమో, కదలకుండా బిర్రుగా నిలబడమని పట్టాళం ఆర్డరు. హాలంతా లేచింది. ఒక్కరు మిగల్లే! కర్రలు కింద పడినాయి, చెవి మిషన్లు కింద పడినాయి, ముసిలోళ్ళు మాత్రం నిలబడినారు. వట్టి కాళ్ళతో ఉన్నోళ్ళు, మోకాళ్ళు మార్పించుకున్నోళ్ళు, మడమలు టక్కున కలిపినారు. టీ ఇచ్చేటాయన గూడ మాజీ సైనికుడేమో, ప్లేటు పట్టుకోని బొమ్మ మాదిరి ఆగిపోయినాడు. సామ్యేలు! నా బామ్మర్ది సామ్యేలు, నోట్లో బజ్జీ నమలకుండా, కండ్లల్లో నీళ్ళు కారతాండంగా, నా ఆర్డరుకు నిలబడినాడు! ఇంగ స్టేజీ మీద కుర్రుమని చప్పుడు. తిరిగి చూస్తే కల్నల్ సాబు. పెండ్లికూతురు కుర్చీ వదిలిపెట్టి, చేతులు తొడలకు అతికించి, లక్ష్మి పేరు కింద నిటారుగా. లేవల్లని లేవలేదమ్మా ఆయన. కాళ్ళు ఆయన మాట ఇనలే.

ఆడికి బాగుంది. అందర్నీ మళ్ళ కూచోబెట్టల్ల గదా? దానికి ఇంకో ఆర్డరు ఉంటాది. ఆ మాట... నాకు రాలే.

నవ్వకు. ఎందుకు రాలేదో చెప్తా, అది నా తప్పు గాదు, ఈ ఇంటి పద్ధతి. పట్టాళం నుంచి వచ్చినాక రోజూ పొద్దున నేను వాకిట్లో సావధాన్ అనేవాన్ని. మీ మామ, మీ మామ అక్కచెల్లెండ్లు, అందరూ వరసగా నిలబడేవాళ్ళు. మేకలు గూడ చెవులు నిక్కపెట్టేవి. నేను కాఫీ తాగేదానికి లోపలికి వచ్చేవాన్ని. వాండ్లను ఇడిసిపెట్టేది మీ అవ్వ. ఆ మాట ఆమెదే. అన్నేండ్లు ఒక మాట ఒకరికి అప్పజెప్పినాక అది మన నోట్లో యాడుంటాది?

హాలు నిలబడుండాది. నేను నిలబడుండా. ఒకాయనకు కాలు వణుకుతాంది. సామ్యేలు మొగం వంకాయ రంగుకు వచ్చింది. కల్నల్ సాబు నా పక్క కంటితో చూస్తాండాడు, తల తిప్పగూడదు గదా పాపం. ‘ఆమెన్’ అందామా అనుకున్నా. ‘మంగళం’ అందామా అనుకున్నా. అప్పుడు నా ఎనక నుంచి, టిఫిను గిన్నె పట్టుకోని, మీ అవ్వ:

‘విశ్రామ్!’

అబ్బా! హాలంతా ఉస్సురని కూలబడింది. సామ్యేలు బజ్జీ మింగిన చప్పుడు స్టేజీ దాకా ఇనపడింది.

కల్నల్ సాబు కుర్చీలో కూచోని, టోపీ తీసి, చెమట తుడుచుకున్నాడు. ‘ర్యాంకు లేనోని గొంతుకు నేను లేవను’ అన్నాడు. ‘లాన్స్ నాయక్ అని ఒప్పుకుంటాండా. రాసిస్తా. అయితే నిలబెట్టింది నువ్వు, కూచోబెట్టింది మేడమ్. ర్యాంకులో సగం మేడమ్‌ది.’

‘పెన్షను సార్?’ అన్నా.

‘పెరుగుతాది. అయితే అది అప్పుడు జీతం లేని ర్యాంకు గదా. ఆ లెక్క ప్రకారమే పెరుగుతాది.’

‘అంటే ఎంత సార్?’

‘ఏమీ లేదు.’

‘ఏమీ లేదంటే సార్, నెలనెలా ఏమీ లేదా, ఒకేసారి ఏమీ లేదా?’

‘నెలనెలా. వెనకటి బాకీ గూడ ఏమీ లేదు. అదంతా ఒకేసారి ఇచ్చేస్తాం.’

మీ అవ్వ ముందరికి వచ్చింది. ‘ఈయప్ప పోయినాక నాకు సార్?’

‘మీకు అందులో సగం అమ్మా’ అన్నాడు.

చూసినావా గవర్నమెంటు లెక్క! ఎంత ఖచ్చితం! ఐనా కాగితం ఇచ్చినాడమ్మా, ముద్రేసి. బస్సులో మీ అవ్వ ఆ కాగితాన్ని టిఫిను గిన్నె మీద పెట్టుకోని, ‘పోనీలే, నువ్వు పొయ్యి నాకు లాభం ఏమీ లేదని తేలింది. ఇంగ పోవాల్సిన పని లేదు’ అనింది. సామ్యేలు బస్సంతా నిలబడే వచ్చినాడు. సీటున్నా కూచోలే.

మర్సటి దినం పొద్దున్నే వచ్చినాడు మళ్ళ. కాగితం చదివినాడు. బండ తిప్పించి చదివినాడు.

‘బావా, సంతోషం. కాగితంలో లాన్స్ నాయక్. రాయి మీద హవల్దారు. ఇది చెరిపించి అది చెక్కిస్తే గేటు నేనే తీస్తా. నా చేత్తో.’

మస్తాన్‌ను పిలిచినాం. వాడు బండను తట్టి చూసి తలూపినాడు. ‘మామా, ఇది పొరలు పొరలుగా ఉండే బండ. మిషను పెడితే పొర లేస్తాది, నీ పేరు గూడ ఎగిరిపోతాది. చేత్తో ఇసక పెట్టి రుద్దుకోవల్ల, మెల్లగా, పైపైన. అక్షరాలు పోయినాక పిలువు, వచ్చి లాన్స్ నాయక్ చెక్కుతా.’ కొత్త బండ తీసుకో మామా అన్నాడు గూడ. మా నాయన బండ ఇడిసిపెట్టి అంగడి బండ కింద పండుకుంటానా నేను?

మీ అవ్వ ముందరికి వచ్చింది. ‘రుద్దేది నేనెరుగనా?’ అనింది. బండను మళ్ళ బోర్లా ఏయనియ్యలే, ఎల్లకిలానే ఉంచింది. అప్పటి నుంచి అక్షరాలు పైన. పొద్దున ఇసక, సానరాయి ముక్క, ఆ మీద బట్టలు. నా కోటు, దుప్పట్లు, గోనె సంచులు, అన్నీ ‘హ’ మీదే. ‘హ’ పోయింది. నేను రోజూ పొయ్యి వేలు పెట్టి తడిమి చూసేవాన్ని. ‘వ’ పోయింది. ‘ల్దా’ మొండికేసింది, రాణి మాదిరి. దానికి కొబ్బరిపీచు గూడ పట్టింది. అది గూడ పోయింది. ఇంగ ‘రు’ ఒకటే. ఈ వారం ఆయె, వచ్చే వారం ఆయె, మస్తాన్‌కు ఫోను చేద్దామా అనుకుంటాండా నేను.

‘రు’ అట్లే ఉంది.

చూస్తే ఏంది? ఆమె ఉతుకుతాంది, ఇసక పెడతాంది, అయితే బండ చివర్న. ‘రు’ చుట్టూ చెయ్యి తిప్పుకోని పోతాంది, పసిబిడ్డ పండుకోనుంటే చుట్టూ చిమ్మినట్ల. ‘మే, అది మర్సిపోయినావే’ అన్నా. ‘బట్టలైపోయినాయి’ అనింది. మర్సటి దినం నేనే పొయ్యి మంచి దుప్పటి మురికి చేసి తెచ్చినా. ‘చెయ్యి నొస్తాంది’ అనింది. ఇంకో దినం నేనే సానరాయి పట్టుకోని కూచున్నా. వచ్చి చేతిలో నుంచి గుంజుకునింది. నా చేతిలో నుంచి! కంచరగాడిదను మోసిన చేతిలో నుంచి!

‘ఏమే, నాకు తోటలో జాగా రానియ్యవా?’ అన్నా.

‘అది చెరిగిన దినం మా తమ్ముడు గేటు తీస్తాడు’ అనింది. బట్టలు పిండుతానే అనింది, నా పక్క తిరగలే. ‘ఉండనీ. గేటు ఏసుకోని ఉండనీ.’

అంతే సునీతా. కల్నల్ ఆర్డరును దాటచ్చు, మీ అవ్వ ఆర్డరును దాటేదెట్ల? ఆ పొద్దు నుంచి ఆ ‘రు’కు నేనే కావిలి. వానకు అరుగుతాదేమోనని పైన రేకు ముక్క కప్పినా. కోళ్ళు గీరుతాయేమోనని తోలతాండా. మొన్న సామ్యేలు వచ్చి, ‘ఇంగా చెరగలేదా బావా, నేను రుద్దుదునా?’ అన్నాడు. ‘చెయ్యి పెట్టినావంటే సావధాన్ అంటా. ఈసారి మీ అక్కను పిలవను’ అన్నా. దూరం నుంచే పోయినాడు.

అందుకే చెప్తాండా. నువ్వు ఎన్ని బట్టలైనా ఉతుక్కో, నా పేరు మీద ఉతుక్కో, దాని మీదే కొట్టు, నాకేం గాదు. ఆ ఒక్క అక్షరం మాత్రం... తెలిసింది గదా? కండ్లు తుడుచుకో, సబ్బు పడిందేమో. ఇంగా చెప్పాల్సింది శానా ఉంది. ఏటి అవతల ఏమైందో నీకు చెప్పనే లేదు, రాణిని దించి నేను ఒక్కన్నే...

“విశ్రామ్! అన్నం చల్లారిపోతాంది!”

ఇన్యావా? వస్తాండా మే, వస్తాండా. చెయ్యి ఇయ్యి తల్లీ, లేస్తా. చల్లగా ఉండు. నువ్వూ నా మనవడూ చల్లగా ఉండండి. మీ రొండు రాళ్ళూ ఇంగా గనిలోనే, ఎవురూ సుత్తి ఎత్తకుండా, శానా కాలం, శానా లోతున పండుకోనుండల్ల. పా, అన్నం తిందాం. ఆ రేకు ముక్క మాత్రం మళ్ళ కప్పిపెట్టి రా.